"టాలీ నైనేనండి, ఆయ్" అంటే ఏ లేబుల్ పెట్టాలి?

భీమవరంలో రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాసే కుర్రాడు సాయం గ్రూపులో అడుగుతాడు: "సేల్స్ రిటర్న్ ఎక్కించాలండి, ఏ కీ నొక్కాలి? టాలీ నైనేనండి, ఆయ్." గ్రూపులో పెద్దవాళ్లు ముగ్గురు మూడు జవాబులు చెబుతారు. ముగ్గురిదీ తప్పు కాదు, ముగ్గురి మనసులోనూ ఉన్నది టాలీ అన్న లెక్కల సాఫ్ట్‌వేరే, కానీ వేరు వేరు టాలీ. 2006లో వచ్చింది టాలీ 9. 2009లో వచ్చింది టాలీ.ఈఆర్‌పీ 9. 2020 నవంబరులో వచ్చింది టాలీప్రైమ్. జనం నోట్లో మాత్రం మూడూ "నైనే". సేల్స్ రిటర్న్ ఎక్కించేది క్రెడిట్ నోటులో, దానికి ఈఆర్‌పీ 9లో కంట్రోల్ ఎఫ్8. ప్రైమ్‌లో అదే పనికి ఆల్ట్ ఎఫ్6. ప్రైమ్‌లో కంట్రోల్ ఎఫ్8 సేల్స్ ఆర్డరుకి పోయింది. పాత జవాబు చదివి కొత్త దాంట్లో నొక్కితే, వాపసు వచ్చిన సరుకు ఆర్డరు కింద కూర్చుంటుంది.

ఇలాంటి గ్రూపు నడిపేవాళ్లు, పాత ప్రశ్నలూ జవాబులూ వెతకడానికి వీలుగా లేబుల్స్ పెట్టాలనుకునేవాళ్లు ఏం చేయాలో, ఎక్కడ బోల్తా పడతారో కింద ఉంది. అన్నిటికీ తాడు ఒకటే: జవాబు మారిన చోటే లేబుల్ విడదీయాలి. కంపెనీ పేరు మార్చిందన్నది దానంతట అది విడదీయడానికి కారణం కాదు. పేరు అలాగే ఉందన్నది కలిపి ఉంచడానికీ కారణం కాదు.

ముందు ఏ రకం మార్పో తేల్చుకోండి

డెల్టాలో ఉన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, జిల్లాల విషయంలో చూసిందే. రాజమండ్రిని 2015లో రాజమహేంద్రవరం అన్నారు. ఊరు అదే, స్టేషన్ కోడ్ ఇప్పటికీ ఆర్‌జేవై. ఇది పేరు మాత్రమే మారిన రకం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు జరిగింది వేరు. తూర్పు గోదావరి అన్న పేరు అలాగే ఉంది, కేంద్రం మాత్రం కాకినాడ నుంచి రాజమహేంద్రవరానికి వచ్చింది, ఏటికి పడమట ఉన్న కొవ్వూరు, నిడదవోలు అందులోకి వచ్చాయి. పశ్చిమ గోదావరి పేరూ నిలిచింది, కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. 2021 నాటి కాగితం మీద "తూర్పు గోదావరి" అని ఉంటే అది ఇప్పటి తూర్పు గోదావరి కాదు. ఇది పేరు నిలిచి సరుకు మారిన రకం. లేబుల్స్ విషయంలో ఎక్కువ నష్టం చేసేది ఈ రెండో రకమే, ఎందుకంటే పేరు మారలేదు కాబట్టి ఎవరూ అనుమానపడరు.

సాఫ్ట్‌వేర్‌లో మొదటి రకానికి మంచి ఉదాహరణ తేజ్. 2017 సెప్టెంబరులో తేజ్‌గా వచ్చిన యాప్ 2018 ఆగస్టులో గూగుల్ పే అయింది. ఆఫీస్ 365, 2020లో మైక్రోసాఫ్ట్ 365 అయింది. ఓఎస్ ఎక్స్, 2016లో మ్యాక్ ఓఎస్ అయింది. వీటికి లేబుల్ ఒకటే ఉంచి, పాత పేరును పర్యాయంగా, అంటే దాంతో వెతికినా ఇదే లేబుల్‌కు చేరేలా తగిలిస్తే సరిపోతుంది.

రెండో రకానికి మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్ చూడండి. కంప్యూటర్లో పాత అవుట్‌లుక్, "న్యూ అవుట్‌లుక్" పక్కపక్కనే ఉండగలవు. పేరు ఒకటే, మెనూలు వేరు. వెనకటి అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అయితే అసలు వేరే సరుకు.

మూడో రకం చీలిక. ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో లిబ్రే ఆఫీస్ విడిపోయింది. 2019లో ఐప్యాడ్‌కి ఐఓఎస్ నుంచి వేరుగా ఐప్యాడ్ ఓఎస్ వచ్చింది. ఇక్కడ చీలిక తేదీ దాకా ఉన్న ప్రశ్నలు రెండింటికీ చెందుతాయి, ఆ తర్వాతవి చెందవు. పాతవాటికి రెండు లేబుల్సూ పెట్టండి, కొత్తవాటికి ఒకటే.

నాలుగోది అంకెల గెంతు. లిబ్రే ఆఫీస్ 7.6 తర్వాత 2024 జనవరిలో ఏకంగా 24.2 వచ్చింది. సంవత్సరం, నెల లెక్కన అంకె పెట్టడం మొదలుపెట్టారు. ఆపిల్ 2025లో ఐఓఎస్ 18 తర్వాత 26 అంది. మధ్యలో ఏవీ లేవు. "నాది 7.6, ఎన్ని వర్షన్లు వెనకబడ్డానో" అని కంగారు పడేవాళ్లు వస్తారు, లేబుల్ వివరణలో ఒక్క వాక్యం రాసి ఉంచితే చాలు. ఖాళీ నంబర్లకు ముందుగానే లేబుల్స్ తయారుచేసి పెట్టొద్దు. ఎవరో ఒకరు వాటిని తప్పుగా వాడతారు.

మారని అంకెను పట్టుకోండి, కానీ చూసి పట్టుకోండి

వరి విత్తనం కొనేటప్పుడు రైతు పేరొక్కటే చూడడు. మార్టేరు నుంచి వచ్చిన ఎంటీయూ 7029ని స్వర్ణ అన్నా, ఎంటీయూ 1010ని కాటన్‌దొర సన్నాలు అన్నా, సంచి మీద నంబరే తేలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి నంబరు బిల్డ్ నంబరు. తెర మీద పేరు ఎలా ఉన్నా అది అబద్ధం చెప్పదు.

అయితే లోపలి అంకె ఏదైనా పనికొస్తుందనుకుంటే బురదలో కాలేసినట్టే. రెండు ఉచ్చులు ఎప్పుడూ ఎదురవుతాయి.

విండోస్ 11 తన లోపలి వర్షన్ 10.0 అనే చెప్పుకుంటుంది. ఎవరైనా ఎర్రర్ మెసేజ్ నుంచి "10.0.22631" అని అంటిస్తే, చూసినవాళ్లు విండోస్ 10 లేబుల్ తగిలిస్తారు. చూడాల్సింది చివరి అంకె. 22000, ఆ పైన ఉంటే విండోస్ 11. విండోస్ 10 చివరి వర్షన్ 22హెచ్2 బిల్డ్ 19045.

ఆఫీస్ అయితే ఇంకా దారుణం. 2016, 2019, 2021, 2024, మైక్రోసాఫ్ట్ 365 అన్నీ లోపల 16 అనే చెబుతాయి. "ఆఫీస్_16" అని లేబుల్ పెట్టారంటే అయిదు సరుకులు ఒక గోనెసంచిలో పోసినట్టు. ఇక్కడ బయటి పేరే దారి: ఆఫీస్_2016, ఆఫీస్_2021, ఆఫీస్_365.

మొబైల్ రిపేరు ప్రశ్నల్లో ఇంకొకటి. రెడ్‌మీ ఫోను పట్టుకుని "వర్షన్ 14" అంటారు. అది ఆండ్రాయిడ్ 14 కావచ్చు, దాని మీద షావోమి వేసే పైపొర ఎంఐయూఐ 14 కావచ్చు. ఎంఐయూఐ 14 ఉన్న ఫోనులో లోపల ఆండ్రాయిడ్ 13 ఉండొచ్చు. పైగా షావోమి 2023 అక్టోబరులో ఎంఐయూఐ పేరు తీసేసి హైపర్ ఓఎస్ అంటూ అంకె మళ్లీ 1 నుంచి మొదలుపెట్టింది. కాబట్టి ఫోను ప్రశ్నకు లేబుల్స్ రెండు, ఒకటి లోపలి ఆండ్రాయిడ్‌ది, ఇంకొకటి పైపొరది. ఒట్టి అంకెతో లేబుల్ ఎప్పుడూ వద్దు.

200 ప్రశ్నలు తీసి పట్టిక రాయండి

లేబుల్ పేర్లు కుర్చీలో కూర్చుని ఊహించేవి కాదు. చివరి 200 ప్రశ్నలు తీసుకుని, ఎక్సెల్‌లోనో లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనో నాలుగు గడులు వేయండి: అడిగినవాళ్లు రాసిన మాట ఉన్నదున్నట్టు, అది నిజంగా ఏ సరుకు, దొరికితే వర్షన్ అంకె, జవాబు పక్క వర్షన్‌కీ పనికొస్తుందా లేదా. నాలుగో గడే ప్రాణం, బద్ధకించి వదిలేసేదీ దాన్నే.

ఆ నాలుగో గడి చూస్తే విడదీయాల్సిన చోటు తనంతట తానే బయటపడుతుంది. టాలీలో చూడండి. జీఎస్టీ రేటు అంటే ఏమిటి, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఎందుకు అన్నవాటికి ఈఆర్‌పీ 9కీ ప్రైమ్‌కీ జవాబు ఒకటే. అవి "టాలీ_జీఎస్టీ" అనే ఉమ్మడి లేబుల్‌లోకి పోతాయి. కీలు, మెనూల ప్రశ్నలు విడిపోతాయి. కంపెనీ సృష్టించడానికి ఈఆర్‌పీ 9లో ఆల్ట్ ఎఫ్3, ప్రైమ్‌లో ఆల్ట్ కె. ప్రైమ్‌లో ఉన్న ఆల్ట్ జి "గో టు" ఈఆర్‌పీ 9లో లేనే లేదు. ప్రైమ్ లోపల మళ్లీ ఒక గట్టు ఉంది, రిలీజ్ 3.0 దగ్గర. అక్కడ జీఎస్టీ రిపోర్టులు మారాయి, పాత డేటాను మైగ్రేట్ చేయాల్సి, అంటే కొత్త రూపంలోకి మార్చాల్సి వచ్చింది, ఒకసారి మైగ్రేట్ చేసిన డేటా పాత రిలీజులో తెరుచుకోదు. కాబట్టి ప్రైమ్‌కి 1.0, 1.1, 2.0, 2.1, 3.0 అంటూ రిలీజుకో లేబుల్ అక్కర్లేదు, రెండు చాలు: టాలీ_ప్రైమ్_2_వరకు, టాలీ_ప్రైమ్_3_నుంచి. చిన్న రిలీజుకో లేబుల్ పెడితే ఒక్కోదాంట్లో రెండేసి ప్రశ్నలుంటాయి, వెతికేవాడు ఏడు తలుపులు తట్టాలి.

పట్టికలో అయిదు ప్రశ్నలకన్నా తక్కువ పడిన వర్షన్‌కు సొంత లేబుల్ ఇవ్వకుండా పై లేబుల్‌లో కలిపేయండి. మినహాయింపు ఒక్కటే, తప్పు జవాబు పాటిస్తే డేటా పోయే అవకాశం ఉన్నవి. మైగ్రేషన్ ప్రశ్న ఒక్కటే వచ్చినా విడిగా ఉండాలి.

పేరు రాయడం

ఇక్కడే తెలుగు గ్రూపులకు ఇంకో తలనొప్పి ఉంది. "అప్‌డేట్" అన్న మాటను కొందరు ప్ తర్వాత కనిపించని అక్షరం పెట్టి రాస్తారు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొందరు అది లేకుండా "అప్డేట్" అంటారు, కొందరు మధ్యలో జాగా వదిలి "అప్ డేట్" అంటారు. కంప్యూటర్‌కు ఇవి మూడు వేరు మాటలు. ఒకదానితో వెతికితే మిగతా రెండూ దొరకవు. పైగా ఫోను కీబోర్డులు కొన్ని ఆ దొంగ అక్షరాన్ని తమంతట తామే చొప్పిస్తాయి. అనుమానం వస్తే స్ప్రెడ్‌షీట్‌లో ఆ మాట అంటించి లెన్ ఫంక్షన్‌తో పొడవు కొలవండి. "అప్డేట్" అయితే 7 వస్తుంది, దొంగ అక్షరం ఉంటే 8. మొత్తం గడి శుభ్రం చేయాలంటే సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో యూనిచార్ 8204ను ఖాళీతో మార్చండి, ఒక్క దెబ్బకి పోతాయి.

లేబుల్‌లో ఆ అక్షరం అవసరమే రాకుండా పేరు కట్టుకోవడం ఇంకా మంచిది. పొల్లు హల్లు తర్వాత ఇంకో హల్లు వచ్చే చోట కింది గీత పెట్టండి, లేదా ఒత్తు పడనివ్వండి. వ్యాసంలో "ఈఆర్‌పీ" అని రాసినా లేబుల్‌లో "టాలీ_ఈఆర్పీ_9" అనండి. కంటికి కాస్త గుచ్చుకున్నా వెతుకులాటకి నిలబడుతుంది. చుక్క, అడ్డగీత వద్దు. చాలా యాప్‌లలో హ్యాష్‌ట్యాగ్ చుక్క దగ్గరే తెగిపోతుంది, "లిబ్రే_24.2" అని పెడితే "లిబ్రే_24" వరకే ట్యాగు, మిగతాది ఒట్టి మాట. "లిబ్రే_24_2" అనండి.

ఒక మాటకు ఒకే వర్ణక్రమం తేల్చి రాసిపెట్టుకోండి: ఆండ్రాయిడ్ (యాండ్రాయిడ్ కాదు), విండోస్ (విండోజ్ కాదు), టాలీ (ట్యాలీ కాదు). ఏది సరైనదన్న వాదన పెట్టుకోవద్దు, మీ 200 ప్రశ్నల్లో ఎక్కువమంది రాసిందే తీసుకోండి. ఓడిన రూపాలు, ఆంగ్ల లిపిలో రాసే రూపాలు అన్నీ పర్యాయాల్లోకి వెళ్తాయి. అంకెలు 0 నుంచి 9 వరకు మామూలు అంకెలే వాడండి, తెలుగు అంకెలతో వెతికేవాళ్లు దాదాపు లేరు.

జాబితాలో వరస కూడా చూసుకోండి. యంత్రం అక్షరాల లెక్కన పేర్చితే ఆండ్రాయిడ్_10 ముందు వచ్చి ఆండ్రాయిడ్_9 కింద పడుతుంది. ఆండ్రాయిడ్_09 అని రెండంకెలు చేస్తే సరి. ఆ సున్నా ఎవరూ కొట్టరు కాబట్టి, సున్నా లేని రూపం పర్యాయంగా తప్పక ఉండాలి.

"కొత్త", "పాత", "లేటెస్ట్" అన్న మాటలు లేబుల్‌లోకి రానివ్వొద్దు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో హేవలాక్ వంతెన తెరిచారు, 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది, ఆ తర్వాత ఆర్చి వంతెన. వచ్చినప్పుడు ప్రతిదీ కొత్త వంతెనే. నాలుగో వంతెన అన్న పేరు మాత్రం అయిదోది వచ్చినా చెడదు. "విండోస్_కొత్తది" గతి కూడా అంతే. ఆ "న్యూ అవుట్‌లుక్"లో "న్యూ" ఉత్పత్తి పేరులోనే ఉంది కదా అంటే, నిజమే, అది కంపెనీ పెట్టిన తిప్పలు. లేబుల్‌లో "అవుట్లుక్_న్యూ" అని పెట్టి, వివరణలో తేదీ రాయండి.

ఇంకో చిన్న సంగతి. విండోస్‌తో ఎక్స్‌పీ కాలం నుంచి వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన దగ్గర గౌతమి అంటే ఏరు, లేదా కాకినాడ రైలు. విండోస్ 8 నుంచి తెలుగుకి నిర్మల యూఐ వచ్చింది, విండోస్ 10లో గౌతమిని అదనపు ఫాంట్లలో విడిగా దించుకోవాలి. "గౌతమి కనిపించడం లేదు" అన్న ప్రశ్నకు "ఫాంటు_గౌతమి" అని రకం మాట ముందు పెట్టకపోతే వెతికినవాళ్లకి రైలు వేళలు వస్తాయి.

పర్యాయాలు ఎలా కట్టాలి

ప్రతి లేబుల్‌కు మూడు వాక్యాల వివరణ ఉండాలి: ఇందులోకి ఏం వస్తుంది, ఏం రాదు, పాత పేర్లేమిటి ఎప్పుడు మారాయి. నమూనా:

టాలీ_ఈఆర్పీ_9. 2009 నుంచి టాలీప్రైమ్ వచ్చే వరకు ఉన్న ఉత్పత్తి, అన్ని రిలీజులూ. 2006 నాటి టాలీ 9 ఇందులోకి రాదు. దానికి టాలీ_9_2006. పర్యాయాలు: ఈఆర్‌పీ 9, ఈఆర్‌పీ నైన్, టాలీ ఈఆర్‌పీ.

"టాలీ నైన్" అన్న మాటను ఏ లేబుల్‌కు పర్యాయంగా కట్టాలి? దేనికీ కట్టొద్దు. మూడు అర్థాలున్న మాటను ఒకదానికి కట్టేస్తే మిగతా ఇద్దరూ తప్పు ఇంటికి పోతారు. అలాంటి మాట కొట్టినప్పుడు "ఏది?" అని అడిగే పేజీయో, పిన్ చేసిన సందేశమో చూపించాలి.

పర్యాయం మీద పర్యాయం కట్టకండి. తేజ్ నుంచి జీపే, జీపే నుంచి గూగుల్_పే అని గొలుసు కడితే మధ్య లంకె తెగినప్పుడు మొదటిది గాల్లో ఉంటుంది. అన్నీ నేరుగా చివరి పేరుకే పోవాలి.

వాడకం ఆపిన లేబుల్ పేరును వేరే సరుకుకు మళ్లీ ఇవ్వొద్దు. తూర్పు గోదావరి ముచ్చట ఇక్కడ మళ్లీ వస్తుంది. పాత టపాల్లో ఆ పేరు పాత అర్థంతోనే మిగిలి ఉంటుంది, ఎవరూ వెనక్కి వెళ్లి దిద్దరు.

కంపెనీ పేరు మార్చానని ప్రకటించిన రోజే లేబుల్ మార్చాల్సిన పని లేదు. జనం తెర మీద ఇంకా పాత పేరే ఉంటుంది. చివరి 50 ప్రశ్నల్లో 25 కొత్త పేరుతో వచ్చినప్పుడు ప్రధాన పేరు తిప్పండి, అప్పటిదాకా కొత్త పేరు పర్యాయంగా ఉంటుంది. మద్దతు ఆగిపోవడం పేరు మార్పు కాదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మద్దతు ఆగింది, దానికి "విండోస్_10_పాతది" అక్కర్లేదు, వివరణలో తేదీ చాలు.

కలిపేటప్పుడు

రెండు లేబుల్స్ కలపడం చాలా చోట్ల వెనక్కి తిరగని పని. కలిపాక ఏ టపా ముందు ఎందులో ఉందో తెలియదు. వరస ఇది:

ముందుగా రెండు లేబుల్స్ కింద ఉన్న టపాల జాబితా లింకులతో సహా స్ప్రెడ్‌షీట్‌లో దాచండి. పర్యాయం కట్టండి, అప్పుడు ఆ మధ్యలో వచ్చే కొత్త ప్రశ్నలు సరైన చోటికే చేరతాయి. ఆ తర్వాత పాత టపాలను 50 చొప్పున మార్చండి. ఒక్కో విడత అయ్యాక అయిదు టపాలు తెరిచి చూడండి, పాత పేరుతో వెతికి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే సభ్యుల ఫోన్లకు నోటిఫికేషన్ల వాన కురిసే యాప్‌లున్నాయి, సగం మంది గ్రూపు మ్యూట్ చేసేస్తారు. ఖాళీ అయిన పాత లేబుల్‌ను చెరపకండి, పర్యాయంగా వదిలేయండి.

పాత టపాలో వర్షన్ తెలియకపోతే తేదీ కొంత చెబుతుంది. 2020 నవంబరుకు ముందు రాసింది ప్రైమ్ కాలేదు. తర్వాత రాసినది ఏదైనా కావచ్చు, అందుకని తేదీతో తోసిపుచ్చగలం కానీ నిర్ధారించలేం. తేలనివాటికి "వర్షన్_తెలియదు" అని పెట్టండి, ఊహించి తప్పు లేబుల్ పెట్టడం కన్నా నయం.

అడిగేవాళ్ల దగ్గర అంకె రాబట్టడం

లేబుల్ తగిలించే పని అడిగేవాళ్ల మీద వేయకండి. మానిటర్‌ను ఫోనుతో ఫొటో తీసి, వాయిస్ మెసేజ్ పెట్టి పోయేవాళ్లే ఎక్కువ. లేబుల్ పెట్టేది ఇద్దరో ముగ్గురో నిర్వాహకులు. అడిగేవాళ్ల దగ్గర కావాల్సింది ఒక్క ఫొటో, అది ఎక్కడ తీయాలో పిన్ చేసి ఉంచండి.

టాలీప్రైమ్: ఎఫ్1 నొక్కి ఎబౌట్. ఈఆర్‌పీ 9: తెర అడుగున వర్షన్, లైసెన్స్ వివరాలుండే పట్టీ.
విండోస్: విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, విన్‌వర్ అని ఆంగ్లంలో కొట్టి ఎంటర్.
ఆఫీస్: ఫైల్, ఎకౌంట్. అక్కడ ఉత్పత్తి పేరు ఉంటుంది, 16 అన్న అంకె కాదు, పేరు కనిపించేలా తీయమనండి.
ఫోను: సెట్టింగ్స్, ఎబౌట్ ఫోన్. ఆండ్రాయిడ్ వర్షన్, పైపొర వర్షన్ రెండు గీతలూ ఫొటోలో పడాలి.

మూడు నెలలకోసారి లేబుల్స్ జాబితా తీసి చూడండి. రెండు టపాలు మించని లేబుల్ ఏదైనా ఉంటే ముందు లెన్ కొలవండి. చాలాసార్లు అది కొత్త వర్షనేం కాదు, పక్కనున్న లేబులే, మధ్యలో ఆ కనిపించని అక్షరంతో.